స్పానిష్ మాట్లాడాలంటే: ఉచితంగా దొరికేవాటిలో ఏది పట్టుకోవాలి, ఏది పక్కన పెట్టాలి

స్పానిష్ నేర్చుకోవాలని ఇవాళ అనుకున్నామంటే, రేపటికల్లా ఫోన్‌లో నాలుగు యాప్‌లు, యూట్యూబ్‌లో తర్వాత చూద్దామని దాచుకున్న ఇరవై వీడియోలు, ఎవరో పంపిన రెండు పీడీఎఫ్‌లు పోగవుతాయి. అన్నీ ఉచితమే. చిక్కంతా అక్కడే ఉంది. డబ్బు కట్టి చేరితే ఒకదాన్నే పట్టుకుని కూర్చుంటాం, ఊరికే దొరికేసరికి రోజుకొకటి మార్చి చూస్తాం, ప్రతి దాంట్లోనూ మొదటి మూడు పాఠాలే చేస్తాం, నెల గడిచినా 'ఓలా' (నమస్కారం), 'గ్రాసియాస్' (థాంక్స్) దగ్గరే తిరుగుతూ ఉంటాం.

నేను మొదట ఒక యాప్‌తో (పేరు అనవసరం) ఏడు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా కూర్చున్నాను. చదివితే బాగానే అర్థమయ్యేది. ఆ తర్వాత మొదటిసారి ఒక స్పానిష్ ఆవిడతో వీడియో కాల్‌లో మాట్లాడినప్పుడు, ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న 'ఆ కే తే దేదీకాస్?', అంటే ఏం పని చేస్తుంటావు అని. ప్రశ్న అర్థమైంది. జవాబుకి కావలసిన పదాలన్నీ నాకు తెలుసు. అయినా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఎందుకంటే ఆ ఏడు నెలలూ తెర మీద కనిపించే పదాల్ని వేలితో వరసలో పెట్టానే తప్ప, ఒక్క వాక్యాన్ని కూడా నా అంతట నేను కట్టి పైకి అనలేదు.

అందుకే ఇక్కడ ప్రతి దాన్నీ ఒకే కొలతతో చూస్తున్నాను: దాంతో అరగంట గడిపితే, జవాబు ఎదురుగా కనిపించకుండా, సొంతంగా కట్టి పైకి అన్న వాక్యాలు ఎన్ని? మీకు కావలసింది చదవడమో, పరీక్ష పాసవడమో అయితే ఈ కొలత పనికిరాదు, ఎంచుకునేవి కూడా వేరే ఉంటాయి. మాట్లాడటమే కావాలంటే మాత్రం ఇది వదలకండి.

డ్యుయోలింగో: అలవాటుకి మంచిది, మాటకి చాలదు

అందరూ ముందు దింపుకునేది ఇదే. గ్వాటెమాలాలో పుట్టిన లూయిస్ వాన్ ఆన్, సెవెరిన్ హాకర్ కలిసి మొదలుపెట్టిన ఈ యాప్ 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. రోజూ భాష ముందు కూర్చోబెట్టడంలో దీనిది గొప్ప పనితనం. వరసగా ఎన్ని రోజులు చేశారో చూపించే ఆ లెక్క తెగకూడదని, రాత్రి పడుకోబోయే ముందు కూడా లేచి ఒక పాఠం చేసేవాళ్లు ఎంతమందో. ఉచితంగా వాడితే ప్రకటనలు వస్తాయి, ఒక పూటలో ఎంత చేయొచ్చన్నదానికి హద్దు ఉంటుంది, అది భరించవచ్చు.

లోటు వేరే చోట ఉంది. చాలా ప్రశ్నల్లో జవాబులోని పదాలు కిందే గళ్లలో కనిపిస్తుంటాయి, వాటిని గుర్తుపట్టి వరసలో పెడితే చాలు. గుర్తుపట్టడం ఒకటి, గుర్తుతెచ్చుకోవడం ఇంకొకటి. మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు కింద గళ్లు ఉండవు కదా. వాడాలనుకుంటే ఇలా వాడండి: ప్రశ్న రాగానే తెర కింది సగాన్ని అరచేత్తో మూసి, జవాబుని ముందు పైకి అని, ఆ తర్వాతే చెయ్యి తీయండి. ఇంత చిన్న మార్పుతో అదే పాఠం పూర్తిగా వేరే పాఠం అవుతుంది. అయినా రోజుకి పదిహేను నిమిషాలు మించనివ్వకండి, మిగతా సమయం కింద చెప్పేవాటికి కావాలి.

లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్: ఒక్కటే ఎంచుకోమంటే ఇదే

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చాలామందికి దీని పేరే తెలియదు. మిహాలిస్ ఎలెఫ్తీరియూ అనే ఆయన విరాళాల మీద నడిపే ప్రాజెక్టు ఇది. స్పానిష్ కోర్సు మొత్తం 90 ఆడియో పాఠాలు, అన్నీ ఉచితం, ప్రకటనలు లేవు. పుస్తకం లేదు, రాసుకోనక్కర్లేదు, బట్టీ పట్టొద్దని ఆయనే చెప్తారు. రికార్డింగ్‌లో ఆయన, ఒక విద్యార్థి ఉంటారు. ఆయన ప్రశ్న అడగగానే మీరు ఆడియో ఆపాలి, ఆలోచించి జవాబు పైకి అనాలి, మళ్లీ మొదలుపెట్టి ఆ విద్యార్థి ఏమన్నారో వినాలి.

పద్ధతి ఎలా ఉంటుందంటే, 'కియేరో' అంటే నాకు కావాలి, 'కోమేర్' అంటే తినడం. సరే, తినాలని ఉంది అనడం ఎలా? 'కియేరో కోమేర్.' 'లో' అంటే దాన్ని, ఇలాంటి చోట అది క్రియ చివర అతుక్కుంటుంది. మరి దాన్ని తినాలని ఉంది అనాలంటే? 'కియేరో కోమేర్లో.' ముందు 'నో' పెడితే తినాలని లేదు. ఇప్పుడు 'ప్వేదో' అంటే చేయగలను అని చెప్తే, దాన్ని తినలేను అనే మాట, 'నో ప్వేదో కోమేర్లో', ఎవరూ చెప్పకుండానే మీ నోట్లోంచి వస్తుంది. ఎవరో ఇచ్చిన వాక్యాన్ని అప్పజెప్పడం కాదు ఇది, అప్పటిదాకా వినని వాక్యాన్ని మీరే తయారు చేయడం. మొదటిసారి అలా వచ్చినప్పుడు కలిగే ధైర్యం వేరు. నా కొలతలో అరగంటకి ఇన్ని సొంత వాక్యాలు అనిపించేది ఉచితంగా దొరికేవాటిలో ఇంకొకటి నాకు కనబడలేదు.

లోట్లు లేవా అంటే ఉన్నాయి. పదాలు తక్కువ నేర్పుతుంది, భాష కట్టుబడి మీదే దృష్టంతా. మామూలు వేగంతో స్పానిష్ వాళ్లు మాట్లాడుకునేది ఇందులో వినబడదు. నేర్పేదంతా ఇంగ్లిష్‌లో కాబట్టి ఇంగ్లిష్ వింటే బాగా అర్థమవ్వాలి. ఇంకో మాట: ఆడియో ఆపకుండా, నడుస్తూనో వంట చేస్తూనో ఊరికే వింటూ పోతే ఇది రేడియోతో సమానం, 90 పాఠాలూ అయ్యాక కూడా ఏమీ మిగలదు. ఆపడమే ఈ కోర్సు.

డ్రీమింగ్ స్పానిష్: ముందు చెవి, తర్వాత నోరు

ఇది పూర్తిగా ఎదురు దారి. పాబ్లో రోమాన్ మొదలుపెట్టిన ఈ వీడియోల్లో వ్యాకరణం చెప్పరు, అనువాదం చెప్పరు, బొమ్మలు గీస్తూ సైగలు చేస్తూ మొత్తం స్పానిష్‌లోనే మాట్లాడతారు. అస్సలు రానివాళ్లకి ఒక స్థాయి, కొంచెం వచ్చినవాళ్లకి ఇంకొకటి, అలా వరసగా ఉంటాయి. చాలా వీడియోలు ఉచితం, మిగతావాటికి డబ్బు కట్టాలి. పసిపిల్లలు వినీ వినీ మాటలు నేర్చినట్టే పెద్దవాళ్లూ నేర్చుకోవచ్చన్నది వాళ్ల నమ్మకం, మొత్తం ప్రయాణానికి వాళ్లు వేసిన లెక్క 1,500 గంటల వినికిడి. మాట్లాడటానికి తొందరపడొద్దు, వందల గంటలు విన్నాక మాట దానంతట అదే వస్తుందంటారు.

వినికిడి విషయంలో వాళ్లు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం, వినకుండా మాట్లాడటం రాదు. కానీ అన్ని వందల గంటలు నోరు మూసుకుని ఉండమనే భాగంతో నేను ఏకీభవించను. రోజుకి గంట వినేవాళ్లకి 600 గంటలే అనుకున్నా ఏడాదిన్నర పైనే, అంతకాలం ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా ఓపిక పట్టగలిగేవాళ్లు తక్కువ. కాబట్టి వీడియోలు తీసుకోండి, మౌనవ్రతం వదిలేయండి. రోజూ ఇరవై నిమిషాలు, అది కూడా సబ్‌టైటిల్స్ లేకుండా. మాటల్లో ముప్పాతిక వంతు అర్థమవుతుంటే ఆ స్థాయి మీకు సరైంది, సగం కూడా అందకపోతే ఒక మెట్టు దిగండి, నామోషీ అక్కర్లేదు.

మిగతావి, క్లుప్తంగా

కాఫీ బ్రేక్ స్పానిష్ పాడ్‌కాస్ట్ హాయిగా ఉంటుంది, ఒక గురువు ఒక విద్యార్థి పద్ధతే, కాకపోతే ఇంగ్లిష్ మాటలే ఎక్కువ వినిపిస్తాయి. లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ నచ్చనివాళ్లు దీన్ని చూడొచ్చు.

ఎఫ్ఎస్ఐ కోర్సు అని ఒకటుంది, అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకి భాషలు నేర్పడానికి పెట్టుకున్న సంస్థ దశాబ్దాల కిందట తయారు చేసింది. దానికి కాపీహక్కులు లేవు కాబట్టి ఆడియో, పుస్తకం రెండూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే వాక్యాన్ని 'నేను', 'నువ్వు', 'వాళ్లు' అని మారుస్తూ పదే పదే అనిపిస్తుంది. నా కొలతలో దీనికి మంచి మార్కులే వస్తాయి, కానీ పాత ఆడియోలో గరగర శబ్దం, కాలం చెల్లిన సంభాషణలు, విసుగు పుట్టించే తీరు. క్రమశిక్షణ మీ స్వభావంలోనే ఉంటే తప్ప దీని జోలికి వెళ్లకండి. అన్నట్టు ఇదే సంస్థ ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దౌత్యవేత్తలకి స్పానిష్ రావడానికి 30 వారాలు పడుతుందని లెక్క వేస్తుంది, అది కూడా ఉద్యోగంలా పూర్తి సమయం పెట్టి చదివితే. మూడు నెలల్లో గడగడా మాట్లాడిస్తామనే వీడియోలు కనబడినప్పుడు ఈ సంఖ్య గుర్తుంచుకోండి.

యాంకీ పదాలు మరిచిపోకుండా చూసుకునే కార్డుల పెట్టె లాంటిది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో మాత్రం కొనాలి. విడి పదాలు కాకుండా మీరు నిజంగా వాడే వాక్యాలు పెట్టుకుంటేనే మాటకి పనికొస్తుంది. సందేహం వచ్చినప్పుడు చూసుకోవడానికి స్పానిష్‌డిక్ట్ చాలు, క్రియా రూపాలన్నీ అందులో ఉన్నాయి.

స్పెయిన్ స్పానిషా, లాటిన్ అమెరికా స్పానిషా అని వారాలు వారాలు తేల్చుకోకుండా కూర్చునేవాళ్లున్నారు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, ఎక్కడి యాస నేర్చుకున్నా మిగతావాళ్లకి అర్థమవుతుంది. మీరు మాట్లాడబోయే మనుషులు ఎక్కడివాళ్లైతే అక్కడిది, ఎవరూ లేకపోతే లాటిన్ అమెరికాది. ముందుకి పదండి.

ఈ కోర్సులు చెప్పనిది: తెలుగు మీకు ముందే నేర్పేసింది

పైన చెప్పినవాటిలో దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ల కోసం తయారైనవి. అందుకని వాళ్లకి కష్టమైనవాటి మీద గంటలు గడుపుతాయి, వాటిలో చాలా మనకి పుట్టుకతో వచ్చినవే. ఇది తెలిస్తే చాలా పాఠాలు సగం సమయంలో అయిపోతాయి.

'గుస్తార్' అనే క్రియనే తీసుకోండి. ఇంగ్లిష్ వాళ్లకి ఇది పెద్ద తలనొప్పి, వాళ్ల భాషలో ఇష్టపడే మనిషి కర్త అయితే స్పానిష్‌లో ఇష్టమైన వస్తువు కర్త. మనకి అదే 'నచ్చు'. 'మె గుస్తో ఎల్ లీబ్రో' అంటే నాకు పుస్తకం నచ్చింది, 'మె గుస్తారోన్ లోస్ లీబ్రోస్' అంటే నాకు పుస్తకాలు నచ్చాయి. నచ్చింది, నచ్చాయి అని మనం వస్తువుని బట్టి మార్చినట్టే అక్కడా మారింది చూడండి. మొదట ఉన్న 'మె' మన 'నాకు'. ఇక నేర్చుకోవడానికేముంది?

'సేర్', 'ఎస్తార్' అనే రెండు క్రియలున్నాయి, రెంటినీ ఇంగ్లిష్‌లో 'బీ' (ఆమ్, ఈజ్, ఆర్) అనే ఒక్క మాటతోనే చెప్తారు. ఎప్పటికీ ఉండేదానికి 'సేర్', కొంతసేపు ఉండేదానికి 'ఎస్తార్' అని చాలా చోట్ల నేర్పుతారు. ఆ సూత్రం మొదటి వారంలోనే బెడిసికొడుతుంది: మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది అనడానికి 'ఎస్తార్' వాడాలి, ఆ ఊరు ఎక్కడికీ పోదు కదా! చనిపోయిన మనిషికీ 'ఎస్తార్' వాడతారు, అంతకన్నా శాశ్వతం ఏముంది? తెలుగులో అనుకుని చూడండి. 'నేను టీచర్ని', 'ఇది పుస్తకం' లాంటి వాక్యాల్లో మనకి క్రియే ఉండదు, అక్కడ 'సేర్'. 'ఇంట్లో ఉన్నాను', 'తలుపు తెరిచి ఉంది', 'చనిపోయి ఉన్నాడు', 'మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది', ఇలా 'ఉంది' వచ్చిన చోట 'ఎస్తార్'. 'ఆమె అందంగా ఉంటుంది' అంటే 'ఎస్ గ్వాపా', 'ఆమె ఇవాళ అందంగా ఉంది' అంటే 'ఎస్తా గ్వాపా ఓయ్'. ఉంటుంది, ఉంది అనే తేడాని మనం రోజంతా ఆలోచించకుండానే వాడతాం. ఇది ప్రతి చోటా సరిపోదు, ఇల్లు పెద్దగా ఉంది అనేటప్పుడు 'సేర్' వస్తుంది, అలాంటివి వినగా వినగా పట్టుబడతాయి. అయినా మొదటి ఆరు నెలలకి ఇంతకన్నా మంచి ఆసరా నాకు దొరకలేదు.

ఇలాంటివే ఇంకొన్ని. 'నిన్న ఆడాను'కి 'హుగే', 'చిన్నప్పుడు ఆడేవాణ్ణి'కి 'హుగాబా', ఆ రెండు భూతకాలాల తేడా మొదట్లో మన ఆడాను, ఆడేవాణ్ణి తేడాగా పెట్టుకుంటే చాలు. నువ్వు, మీరు తేడాకి 'తూ', 'ఉస్తేద్'. 'నేను' అనకుండా 'వస్తాను' అన్నట్టే, 'బేంగో' అంటే చాలు, ఎవరు వస్తున్నారో క్రియ చివరే చెప్తుంది.

పలకడంలోనూ అంతే. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు అలవాటైన ట, డ ఇక్కడ పూర్తిగా మానేయండి. స్పానిష్‌లో ఉన్నవి త, ద. 'టొమాటే' కాదు, 'తోమాతే'. ఞ అనే అక్షరాన్ని బళ్లో నేర్చుకుని మరిచిపోయాం, 'మఞానా' అనేటప్పుడు దాన్ని బయటికి తీయండి.

కష్టమైనవీ చెప్పాలి. ప్రాణం లేని వస్తువులకి కూడా ఆడ, మగ తేడా ఉంటుంది, బల్ల ఆడది, పుస్తకం మగది. పదాన్ని ఒంటరిగా కాకుండా 'లా మేసా', 'ఎల్ లీబ్రో' అని జంటగానే నేర్చుకోవడం తప్ప దారి లేదు. రెండోది, పదం పలికేటప్పుడు బరువు ఎక్కడ పడుతుందన్నది. 'ఆబ్లో' అని మొదటి భాగం మీద బరువు వేస్తే నేను మాట్లాడతాను అని, 'అబ్లో' అని చివరి భాగం మీద వేస్తే అతను మాట్లాడాడు అని అర్థం. తెలుగులో ఆ బరువు చోటు మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టించుకోదు. మనవాళ్లు చేసే తప్పుల్లో అన్నిటికన్నా దిద్దుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం.

మనిషితోనా, మెషీన్‌తోనా?

పది పన్నెండు గంటల లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ అయ్యాక ఎవరితోనైనా మాట్లాడటం మొదలుపెట్టాలి. మూడు దారులున్నాయి.

ఒకటి, ఫోన్ కీబోర్డ్‌లో వాయిస్ టైపింగ్‌ని స్పానిష్‌కి మార్చి దానితో మాట్లాడటం. ఇది చాలామందికి తట్టదు. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఆ రెండు పదాలూ ఒక్కొక్కటిగా పలికి ఫోన్ ఏది రాసిందో చూడండి. మీరు కుక్క అన్నప్పుడల్లా అది 'కానీ' అని రాస్తుంటే మీ 'ర్ర' ఇంకా గట్టిగా రావాలి. పూర్తి వాక్యం చెప్తే ఫోన్ సందర్భాన్ని బట్టి ఊహించి సరిదిద్దేస్తుంది, అందుకే విడి పదాలతోనే పరీక్షించుకోవాలి.

రెండు, ఏఐ చాట్‌బాట్‌తో గొంతుతో మాట్లాడటం. ఉచితంగా వాడితే రోజుకింత అని పరిమితి ఉంటుంది, కొత్తవాళ్లకి అది సరిపోతుంది. సిగ్గు, భయం, టెన్షన్ ఉన్నవాళ్లకి ఇది వరం, ఒకే ప్రశ్న యాభై సార్లు అడిగినా విసుక్కోదు. చిక్కేంటంటే మీరు ఎంత వంకరగా పలికినా అర్థం చేసుకుని ముందుకి వెళ్లిపోతుంది, మనిషి అలా అర్థం చేసుకోడు. మొదలుపెట్టే ముందే చిన్న వాక్యాల్లో మాట్లాడమని, నా తప్పుల్లో ఒక్కటి మాత్రమే ప్రతిసారీ దిద్దమని చెప్పండి, లేకపోతే పేరాలకి పేరాలు చదివి వినిపిస్తుంది.

మూడు, టాండెమ్, హలోటాక్ లాంటి యాప్‌లలో భాష ఇచ్చిపుచ్చుకోవడం. మీకు స్పానిష్ కావాలి, అవతలివాళ్లకి చాలావరకు ఇంగ్లిష్ కావాలి. ప్రాథమిక వాడకం ఉచితం. నా ఓటు దీనికే, ఎందుకంటే ఎదుటి మనిషి కళ్లలో మీ మాట అర్థమైందని కనిపించడం దేనితోనూ రాదు. మొదటి పరిచయాల్లో సగం రెండు మెసేజ్‌లకే ఆగిపోతాయి, అది మామూలే, పదిమందికి రాస్తే ఇద్దరు నిలుస్తారు. కొందరు భాష పేరుతో వేరే ఉద్దేశంతో వస్తారు, అలా అనిపించిన వెంటనే మొహమాటం లేకుండా బ్లాక్ చేయండి, ఫోన్ నంబర్ మొదట్లోనే ఇవ్వకండి.

నిలిచినవాళ్లతో మాత్రం మొదటి కాల్‌కే పద్ధతి పెట్టుకోండి. టైమర్ పెట్టి పదిహేను నిమిషాలు స్పానిష్, పదిహేను నిమిషాలు ఇంగ్లిష్, స్పానిష్ ముందు. టైమర్ లేకపోతే ఎవరి భాష బాగా వస్తే సంభాషణ అటే జారిపోతుంది, చివరికి మీరు అరగంట ఇంగ్లిష్ నేర్పి వస్తారు. మధ్యలో ఆపి దిద్దొద్దని, చివర్లో మూడు తప్పులు మాత్రం రాసి పంపమని అడగండి, వాటినే యాంకీలో పెట్టుకోండి. కాల్‌కి ముందు నాలుగు మాటలు నోటికి రావాలి: 'మాస్ దెస్పాసియో, పోర్ ఫావోర్' (కొంచెం నెమ్మదిగా), 'ఓత్రా బేస్' (ఇంకోసారి), 'కే సిగ్నిఫీకా?' (అంటే ఏంటి?), 'కోమో సే దీసే?' (ఎలా అంటారు?). ఈ నాలుగూ ఉంటే, ఏమీ అర్థం కాని చోట కూడా ఇంగ్లిష్‌లోకి దూకకుండా స్పానిష్‌లోనే నిలబడగలరు. రెండోసారి కాల్‌లో నన్ను అదే ప్రశ్న ఇంకొకరు అడిగారు, 'ఆ కే తే దేదీకాస్?' అని. 'ఓత్రా బేస్' అన్నాను, ఆయన మళ్లీ అడిగారు, ఆ నాలుగు సెకన్లలో నాకు జవాబు దొరికింది.